డాన్ సాయ్ ఊరేగింపులో మా ఆయన నడక

మా నాన్నగారిది రైల్వే ఉద్యోగం. డోర్నకల్‌లో మాకిచ్చిన క్వార్టర్స్ వెనక గోడకి అవతల శ్మశానం. మా అమ్మ ఆ గోడ మీదే పాత చీర పరిచి వడియాలు ఎండబెట్టేది. కాకులు రాకుండా నేను కాపలా కూర్చునేదాన్ని. ఎక్కాలు, పద్యాలు, ఆవర్తన పట్టిక అన్నీ అక్కడ కూర్చునే బట్టీ పట్టాను. దయ్యాలే ఉంటే అన్నేళ్లలో ఒక్కటైనా గోడ దగ్గరికి వచ్చి ఒక వడియం అడిగి ఉండేది. ఎవరూ రాలేదు. అందుకే నలుగురూ చేరి దయ్యం కథలు మొదలుపెడితే, కాఫీ పెట్టే నెపంతో లేచి వెళ్లిపోయే మనిషిని నేను.

తర్వాత కెమిస్ట్రీ చదివాను. న్యూజెర్సీలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. మాత్రలో ఉండాల్సింది ఉందా, ఉండకూడనిది ఏమైనా ఉందా అని చూడడమే మా పని. ఒక్కసారి వచ్చిన రిజల్ట్‌ని మేము రిజల్ట్ అనం. మళ్లీ చేస్తాం, ఇంకొకరి చేత చేయిస్తాం, అప్పుడు సంతకం పెడతాం. ఇప్పుడు చెప్పబోయేదాన్ని మళ్లీ చేసి చూసే వీలు లేదు. ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం అదే.

మా ఆయన పేరు రఘురాం. స్ట్రక్చరల్ ఇంజనీరు. మేము పార్సిప్పనీలో ఉంటాం. ఇది జరిగే నాటికి మా అమ్మాయి బోస్టన్‌లో చదువుకుంటోంది. ఇంట్లో మేమిద్దరమే.

రఘు నడక గురించి ముందు చెప్పాలి. ఆయన మడమలు సరిగా నేలకి ఆనవు. ఎడమ భుజం ముందుకు తోసి, మునివేళ్ల మీద తేలుతూ, అవతల ఎవరో తన కోసమే తలుపు తీసి పట్టుకున్నట్టు నడుస్తారు. పిస్కాటవేలో మా భజన బృందం వాళ్లు పార్కింగ్ లాట్ ఈ చివర నుంచి చూసి, కోటూ టోపీలో మొహం కనిపించకపోయినా "అదిగో రఘుగారొచ్చేశారు" అనేవారు.

భజనలో ఆయన కంజిర వాయించేవారు. గొప్పగా ఏం కాదు. కానీ భజన లేనప్పుడు కూడా ఆ వేళ్లు ఊరుకునేవి కావు. స్టీరింగ్ మీద, డైనింగ్ టేబుల్ మీద, నా భుజం మీద ఎప్పుడూ అదే దరువు. తక తకిట, తక తకిట. ఐదు దెబ్బల ఖండచాపు. అందులోనూ చివరి దెబ్బ ఒక పిసరు ఆలస్యంగా పడేది. మృదంగం వాయించే మూర్తిగారు "ఇది ఖండచాపు కాదండీ రఘుగారూ, కుంటిచాపు" అని ఏడిపించేవారు. ఎంత సాధన చేసినా ఆ ఆలస్యం పోలేదు.

2006 చలికాలంలో రూట్ 46 మీద మంచు గడ్డకట్టి, ఈయన కారు గిరగిరా తిరిగి డివైడర్‌కి కొట్టుకుంది. ఎముకలు విరగలేదు. కొద్దిసేపు స్పృహ తప్పిందంతే. ఎమ్మారైలో ఏమీ కనపడలేదు. కొన్నాళ్లు రెస్ట్ తీసుకుని మళ్లీ ఆఫీసుకి వెళ్లారు. అందరూ ఎంత అదృష్టవంతులండీ అన్నారు. నేనూ అవునన్నాను.

కానీ ఆస్పత్రి నుంచి నాతో ఇంటికి వచ్చిన మనిషి వేరు. పలకరిస్తే జవాబు చెప్పేవారు. పెట్టింది తినేవారు. చెత్త డబ్బా వేళకి బయట పెట్టేవారు. కాఫీ ఇస్తే "థాంక్స్" అనేవారు. పెళ్లయినప్పటి నుంచి కాఫీ చేతికిస్తే "ఇంత చల్లగానా" అని తప్ప ఇంకో మాట అనని మనిషి! కంజిర క్లోజెట్‌లోకి వెళ్లిపోయింది. వేళ్లు కదలడం మానేశాయి. నడక మారిపోయింది. నిండు బిందె నెత్తిన ఉన్నట్టు, పాదం మొత్తం ఆనించి, సమంగా, మెల్లగా. ఫిజియోథెరపిస్టు అది చూసి "మీ ఆయన నడక చాలా పర్ఫెక్ట్‌గా ఉంది" అని మెచ్చుకుంది. నేను కారులోకి వచ్చి తలుపు వేసుకుని ఏడ్చాను.

న్యూరాలజిస్టు మంచాయన. తలకి దెబ్బ తగిలాక కొందరిలో ఇలా ఉంటుందని, ఓపిక పట్టాలని చెప్పారు. మందులు రాశారు. కౌన్సెలింగ్‌కి పంపారు. రఘు అన్నిటికీ వెళ్లారు. దేనికీ కాదనలేదు. అదే నాకు భయం వేసేది. ఒకరోజు కూర్చోబెట్టి అడిగాను.

"ఏమండీ, నిజం చెప్పండి. లోపల ఎలా ఉంది మీకు?"

"బాధేం లేదు వసంతా. ఎక్కడో ఏదో మర్చిపోయి వచ్చినట్టుంటుంది. అదేంటో గుర్తు రాదు" అన్నారు.

ఆ తర్వాత ఏడాదికి పైగా అలాగే గడిచింది.

ల్యాబ్‌లో నా పక్క బెంచి మాలీది. వాళ్లది థాయ్‌లాండ్, లావోస్ సరిహద్దు కొండల్లో డాన్ సాయ్ అనే చిన్న ఊరు. నాకన్నా పదేళ్లు చిన్నది కాబట్టి నన్ను "పీ వసంతా" అని పిలిచేది. వాళ్ల భాషలో పీ అంటే అక్క. అదే మాటని స్వరం పైకి లేపి అంటే దయ్యం. ఆ తేడా నా చెవికి ఎప్పుడూ అందలేదు. "నువ్వు నన్ను అక్కా అంటున్నావో, దయ్యమా అంటున్నావో నాకెలా తెలుస్తుందే" అంటే పడీ పడీ నవ్వేది.

ఒకరోజు లంచ్‌లో రఘు సంగతి మొత్తం మాలీతో చెప్పేశాను. అంతా విని నింపాదిగా అంది.

"మా ఊళ్లో దీనికి పేరుంది పీ వసంతా. ఖ్వన్ పోయింది అంటాం. ప్రాణం కాదు, ప్రాణానికి పక్కన ఉండేది. పెద్దగా దడుచుకున్నప్పుడు, దెబ్బ తగిలినప్పుడు ఒంట్లోంచి జారిపోతుంది. మనిషి తింటాడు, తిరుగుతాడు, ఆఫీసుకి కూడా వెళ్తాడు. అది మాత్రం ఎక్కడో తిరుగుతుంటుంది."

మా అమ్మమ్మ పిల్లలకి జడుపు తీయించడం గుర్తొచ్చింది. "అయితే ఏం చెయ్యమంటావు? రూట్ 46 మీద టార్చిలైటేసి వెతకమంటావా?" అన్నాను విసుగ్గా.

"వెతకరు. పిలుస్తారు" అంది. మళ్లీ ఆ ఊసు తనంతట తాను ఎత్తలేదు.

2008 వేసవిలో మాలీ ఊరి పండక్కి వెళ్తూ మమ్మల్ని రమ్మంది. జడుపు మంత్రాల కోసం నేను బయల్దేరలేదు. చోటు మారితే మనిషికి కాస్త ఉత్సాహం వస్తుందేమోనని మాత్రమే అనుకున్నాను. రఘుని అడిగితే "సరే" అన్నారు. అంటార్కిటికా అన్నా సరే అనేవారు.

నెవార్క్ నుంచి బ్యాంకాక్, అక్కడి నుంచి ఉడాన్ థానీ అనే ఊరికి చిన్న విమానం, ఆ తర్వాత వ్యాన్. దారంతా పచ్చటి కొండలు, వరి మళ్లు. అరకు వెళ్తున్నట్టే ఉంది నాకు. మాలీవాళ్ల అమ్మ మమ్మల్ని చూసి రెండు చేతులూ జోడించి నవ్వింది. డెబ్బై దాటిన మనిషి, సన్నగా, కత్తిరించిన తెల్లజుట్టు, తాంబూలంతో ఎర్రబడ్డ నోరు. అందరూ ఆమెని మే అంటారు. మే అంటే అమ్మ. మేమూ మే అనే పిలిచాం.

ఇల్లు పొడుగాటి స్తంభాల మీద ఉంది. కింద ఖాళీ నేల మీద చాపలు పరిచి ఇరుగుపొరుగంతా ముసుగులకి రంగులు వేసుకుంటున్నారు. పండగ పేరు పీ తా ఖోన్. దాని వెనక కథ మాలీ చెప్పింది. మన హరిశ్చంద్రుడిలాగా అడిగినవాడికల్లా ఇచ్చేసిన ఒక రాజకుమారుడు అడవుల పాలవుతాడు. అందరూ పోయాడనుకుంటారు. చివరికి తిరిగొస్తుంటే ఊరు ఊరంతా ఎదురెళ్తుంది. ఆ సంబరం చూసి దయ్యాలు కూడా ఆగలేక ఊరేగింపులో కలిసిపోతాయి. అందుకని ఏటా జనం దయ్యాల వేషం కడతారు.

ముసుగు తయారీ చూడ ముచ్చటగా ఉంటుంది. అక్కడివాళ్లు జిగటన్నాన్ని వెదురుబుట్టలో ఆవిరి మీద వండుతారు. ఆ బుట్టని బోర్లించి నెత్తిన టోపీలా పెడతారు. దాని కింద కొబ్బరిమట్ట మొదలుని మొహంగా చెక్కి, కళ్లకి రెండు కన్నాలు చేసి, ఏనుగు తొండమంత కొయ్యముక్కు తగిలిస్తారు. ఆపైన ఒక్క అంగుళం వదలకుండా రంగులు, లతలు. ఒంటికి గుడ్డపీలికల అంగరఖా, నడుముకి పశువుల మెడలో కట్టే గంటలు.

చేతుల్లో ఎర్ర రంగు కొయ్య వస్తువులు కూడా పట్టుకుంటారు. వాటి ఆకారం గురించి నేను రాయలేను. పంటలు పండాలని, పిల్లలు పుట్టాలని అట. ముసలమ్మలు సైతం వాటితో ఒకరినొకరు పొడుచుకుంటూ నవ్వుతున్నారు. పాత రఘు అయితే అక్కడే నాలుగు జోకులేసి నా చేత తిట్లు తినేవారు. ఈయన వాటిని చూసి, మర్యాదగా చూపు పక్కకి తిప్పుకున్నారు. ఆ పండగ మధ్యలో నాకు దుఃఖం ముంచుకొచ్చింది.

మర్నాడు అసలు ఊరేగింపు. మధ్యాహ్నం, మంచి ఎండ. మే వాళ్ల ఇల్లు ఊరేగింపు వెళ్లే వీధిలోనే ఉండడంతో గుమ్మం ముందు మాకు కుర్చీలు వేశారు. మాలీ వేషం కట్టి గుంపులో కలిసిపోయింది. మే మాకోసం చేపలు లేకుండా పచ్చి బొప్పాయి సలాడ్, జిగటన్నం ప్లేట్లలో పెట్టి ఇచ్చింది. రఘు ప్లేటు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నా చేతిలో వీడియో కెమెరా.

చూడండి, వందల కొద్దీ దయ్యాలు పట్టపగలు డోళ్లు మోగించుకుంటూ వీధి నిండా గంతులేస్తూ వస్తుంటే ఎంత బాగుంటుందో! నవ్వని మొహం లేదు. ఒకతను నా మెడలో పూలదండ వేసి పారిపోయాడు. నేనూ నవ్వుతూనే తీస్తున్నాను.

ఒక గుంపు వెళ్లిపోయింది. ఇంకో గుంపు రావడానికి కాస్త వ్యవధి ఉంది. ఆ ఖాళీలో ఒక్కడే ఒక వేషగాడు వస్తున్నాడు. నేను ముందు చూసింది ముసుగు కాదు, నడక.

ఎడమ భుజం ముందుకి. మడమలు నేలకి ఆనడం లేదు.

నాకు మొట్టమొదట వచ్చింది భయం కాదు, చిరాకు. ఈ మనిషి నాకు చెప్పకుండా ఎప్పుడు లేచి వెళ్లారు, ఎప్పుడు వేషం కట్టారు అని. ఆయన కుర్చీ వైపు తిరిగాను.

రఘు నా పక్కనే ఉన్నారు. ఒళ్లో ప్లేటు, చూపు ఎటో.

మళ్లీ వీధిలోకి చూశాను. దగ్గరకి వచ్చాడు. మిగతా ముసుగుల్లా రంగులు లేవు. పొగచూరి నల్లబడ్డ బుట్ట, ఏ నగిషీ లేని మట్ట మొహం. ఒంటి మీద చిరిగిన దోమతెర, దుప్పటి పేలికలు. చేతులకి, కాళ్లకి బూడిదో ఎండిన బురదో పూసుకుని ఉంది. అక్కడి వాళ్లకన్నా పొడుగు, రఘు అంత పొడుగు. నడుముకి కట్టిన గంటలు మోగుతున్నాయి. మిగతావాళ్లవి గలగలమని కలగాపులగంగా మోగుతుంటే, ఇతనివి మాత్రం లెక్కగా పడుతున్నాయి. తక తకిట. తక తకిట. చివరి దెబ్బ ఒక పిసరు ఆలస్యంగా.

కెమెరా చూడడానికి పెట్టుకున్న కళ్లద్దాలు తలపైకి నెట్టి చూశాను. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాను. కెమెరా ఎప్పుడు ఒళ్లోకి జారిందో తెలియదు.

అతను నేరుగా వచ్చి రఘు ఎదురుగా ఆగాడు. కొంచెం వంగి చూశాడు. తర్వాత చెయ్యి చాచి, రఘు ప్లేటులోంచి ఒక అన్నం ముద్ద తీసుకుని, ముసుగు కిందనుంచి నోట్లో పెట్టుకున్నాడు. చనువున్న మనిషి పక్క కంచంలోంచి తీసుకున్నట్టు తీసుకున్నాడు. తిని, మా కుర్చీలు చుట్టి వెనక్కి వెళ్లాడు. గంటలు రఘు వీపు దాకా వినిపించాయి. అక్కడ ఆగిపోయాయి.

తిరిగి చూశాను. ఇంటి కింద నాలుగువైపులా ఖాళీ. చాపలు, రంగు డబ్బాలు, రెండు కోళ్లు. వెనక కంచె, ఆపైన వరిచేలు. గంటలు కట్టుకున్న మనిషి అడుగు వేస్తే వినపడాలి. ఏమీ లేదు.

"ఎవరండీ అతను?" అన్నాను.

"ఎవరు?" అన్నారు రఘు. ఆయన ప్లేటు కేసి చూసుకుంటున్నారు. అన్నంలో ముద్ద తీసిన గుంట అలాగే ఉంది. ఆయన కుడిచేతి వేళ్లు ప్లేటు అంచు మీద మెల్లగా కదులుతున్నాయి.

తక తకిట. తక తకిట.

మాట్లాడితే ఆగిపోతుందేమోనని భయం. అవతల ఇంకో గుంపు డోళ్లతో వచ్చేసింది. ఆ మోతలో ఈ వేళ్ల చప్పుడు వినపడకపోయినా, వేళ్లని చూస్తూ కూర్చున్నాను.

ఆ సాయంత్రం నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. మాలీకి కూడా చెప్పలేదు. ఎండదెబ్బ, ప్రయాణం అలసట, ఇన్నాళ్ల బెంగ, వీటిల్లో ఏదో ఒకటి అయి ఉంటుందనుకున్నాను.

మర్నాడు పొద్దున్న మే ఒక చిన్న తంతు ఏర్పాటు చేసింది. దూరం నుంచి వచ్చిన అతిథులకి అక్కడ మామూలుగా చేసేదేనట. అరిటాకు దొప్పల మధ్య పూలు, ఉడికించిన గుడ్డు, అన్నం, తెల్లటి నూలు దారాలు. ఊళ్లో పెద్దవాళ్లు నలుగురు వచ్చారు. ఖ్వన్‌ని పేరుపెట్టి పిలిచి, వచ్చాక మణికట్టుకి దారం కట్టి నిలుపుతారని మాలీ చెప్పింది.

రఘుని కూర్చోబెట్టారు. మే దారం తీసి, ఆయన మొహంలోకి చూసింది. చూసి, దారం పట్టుకున్న చేత్తోనే మాలీతో ఏదో అంది. మిగతా పెద్దవాళ్లు నవ్వారు.

"ఏమంటోంది?" అని అడిగాను.

మాలీ నా వైపు కొంచెం అయోమయంగా చూసింది. "పిలవక్కర్లేదట పీ వసంతా. వచ్చే ఉందట. కట్టేస్తే చాలంటోంది."

దారాలు కట్టారు. నాకూ కట్టారు. రఘు లేచి నిలబడి మెట్లు దిగారు. మునివేళ్ల మీద, ఎడమ భుజం ముందుకి తోసి. కిందికి వెళ్లి అటూ ఇటూ చూసి, పైకి కేకేశారు.

"వసంతా! ఈ ఊళ్లో కాఫీ అనేది దొరుకుతుందా, లేకపోతే చల్లటి టీయేనా గతి?"

నేను మాలీ చెయ్యి పట్టుకుని పై మెట్టు మీదే కూర్చున్నాను. అప్పుడు ఏడుస్తూనే నిన్న చూసిందంతా తనకి చెప్పాను. ఈలోగా మా ఆయన కింద ఒక ఎర్ర కొయ్య వస్తువు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూస్తూ, "మూర్తిగారికి సువెనీర్‌గా ఇది పట్టుకెళ్తే ఎలా ఉంటుందంటావ్?" అని అరిచారు. ఛీ, కింద పెట్టండి అని నేను అరిచాను. ఎన్నాళ్లయిందో అలా అరిచి.

మాలీ ఆ రంగులేని ముసుగు గురించి ఊళ్లో విచారించింది. ఎవరి ముసుగు ఏదో ఆ వీధిలో అందరికీ తెలుసు. వారాల తరబడి పక్కపక్కన కూర్చుని చేసుకున్నవే. అలాంటిది ఎవరిదీ కాదన్నారు. బయటి నుంచి వచ్చిన వాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లలో ఎవరైనా అయి ఉండొచ్చని కూడా అన్నారు. నేను మే దగ్గర కూర్చుని అడిగించాను. ఆమె తమలపాకు మడుచుకుంటూ చెప్పింది, మాలీ నాకు ఇంగ్లీషులో చెప్పింది.

"అమ్మ చిన్నప్పుడు ముసుగులు అలాగే ఉండేవట, రంగుల్లేకుండా. పండగ అయిపోయాక ఏటిలో వదిలేసేవాళ్లట. ఇంకోటి చెబుతోంది. ఊరేగింపులో ఎవరినీ ముసుగు తీయమని అడగకూడదట. మనవాళ్లు కానివాళ్లు కూడా నడుస్తారు కదా, వాళ్లు సిగ్గుపడతారట."

పార్సిప్పనీ వచ్చాక న్యూరాలజిస్టు రఘుని చూసి చాలా సంతోషపడ్డారు. ఇలా ఉన్నట్టుండి తేరుకునేవాళ్లు ఉంటారని, ప్రయాణం మేలు చేసి ఉంటుందని అన్నారు. కావచ్చు. ఆ మాట నేను కొట్టిపారేయను. మందులు కూడా పనిచేసే ఉంటాయి. మాత్రలో మందు సరిగ్గా ఉందో లేదో చూడడమే నా ఉద్యోగమాయె.

అయితే కెమెరాలో టేపు ఉంది. ఒకరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు వేసి చూశాను. కెమెరా ఒళ్లోకి జారాక కూడా రికార్డు అవుతూనే ఉంది. ఆ సంగతి నాకు టేపు చూసేదాకా తెలియదు. బొమ్మలో నా చీర అంచు, వంకరగా నేల. కొద్దిసేపటికి బూడిద పూసిన రెండు పాదాలు వస్తాయి. మడమలు లేచి ఉన్నాయి. ఆగుతాయి. పక్కకి వెళ్లిపోతాయి. గంటలు స్పష్టంగా వినిపిస్తాయి.

మూర్తిగారు ఏదో పనిమీద ఇంటికొస్తే, బొమ్మ లేకుండా ఆ చప్పుడు ఒక్కటే వినిపించాను. ఎక్కడిదో చెప్పలేదు. ఆయన తలూపుతూ విన్నారు.

"రఘుగారు కంజిర వదిలేసి గజ్జెలు పట్టారేంటమ్మా? చివర్లో ఆ కుంటు మాత్రం పోలేదు సుమా!" అన్నారు.

ఇంతవరకే అయితే నేను ఇది రాసేదాన్ని కాదు. పొడుగాటి టూరిస్టు ఎవరో వేషం కట్టాడని, గంటల మోత నా చెవికి, ఆపైన మూర్తిగారి చెవికి, కావలసినట్టు వినపడిందని సర్దుకుపోయాను. రఘుకి టేపు చూపించలేదు. ఆయనతో ఆ వేషగాడి ఊసే ఎత్తలేదు. బాగున్న మనిషిని ఎందుకు కదపడం? మాలీకి కూడా చెప్పొద్దని చెప్పాను. మా బతుకు మాకు తిరిగొచ్చింది, భజన తిరిగొచ్చింది, కాఫీ మీద వంకలు తిరిగొచ్చాయి. నాలుగేళ్లు హాయిగా గడిచాయి.

2012లో ఒక ఆదివారం మధ్యాహ్నం. వంటింట్లో ఇద్దరం కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాం. టీవీలో ఏదో పండగ చూపిస్తున్నారు. రఘు అటు చూస్తూ, పని ఆపకుండానే, వాతావరణం గురించి చెబుతున్నంత మామూలుగా అన్నారు.

"డాన్ సాయ్‌లో నేను వేషం వేసుకున్నాను గుర్తుందా?"

"మీరు వెయ్యలేదు కదండీ" అన్నాను.

"అదేంటి, వేశానుగా. ఆ బుట్ట లోపల అన్నం ఉడికిన వాసన, పొగ వాసన. రెండు కన్నాల్లోంచి చూస్తుంటే ఎదురుగా ఉన్నదే కనపడేది. నువ్వు కుర్చీలో కూర్చుని ఉన్నావు. కళ్లద్దాలు నెత్తిమీదికి తోసుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నన్నే చూస్తున్నావు. కెమెరా ఒళ్లో పడేసుకున్నావు, ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. టేపు వేస్ట్ అవుతోంది, ఆఫ్ చెయ్యి అని చెబుదామనుకున్నా. మాట రాలేదు."

ఆయన ఇంకో చిక్కుడుకాయ అందుకున్నారు.

"నీ పక్కన ఎవరో కూర్చున్నాడు. తెలిసినవాడిలాగే ఉన్నాడు కానీ ఎవరో తట్టలేదు. బాగా ఆకలేస్తోంది నాకు. వాడి ప్లేట్లోంచి ఒక ముద్ద తీసుకున్నా. ఏమీ అనలేదు పాపం. ఆ తర్వాత..." అని అడ్డంగా తలూపారు. "ఆ తర్వాత గుర్తు లేదు. మర్నాడు దారాలు కట్టారు చూడు, అక్కణ్నుంచి గుర్తుంది."

ఆ కెమెరా ఇంకా ఇంట్లోనే ఉంది. ఆ రాత్రి ఆయన పడుకోలేదు ఇంకా, హాల్లో పేపరు చదువుకుంటున్నారు. నేను గదిలో దాన్ని ఆన్ చేసి, ఒళ్లో అదే వాలులో పెట్టుకుని అద్దం ముందు కూర్చున్నాను. ఎర్ర దీపం లెన్సు పక్కన, ముందువైపు ఉంటుంది. ఎదురుగా నిలబడి వంగినవాళ్లకి కనిపిస్తుంది. నాకు కనపడదు. పక్క కుర్చీలో కూర్చున్నవాళ్లకి కనపడుతుందా అని కుర్చీ మార్చి, దిండు మీద కెమెరా పెట్టి, పక్కనుంచి అన్ని వైపులా వంగి చూశాను. మళ్లీ మళ్లీ చూశాను. కనపడదు.

మర్నాడు కాఫీ తాగుతూ ఒక్కటే అడిగాను. "ఆ బుట్టలో ఉన్నప్పుడు మీకు భయం వేయలేదా?"

"భయమెందుకు?" అన్నారు రఘు ఆశ్చర్యంగా. "నిన్ను చూశాక ఇంక భయమేంటి? అప్పటిదాకా చాలా దూరం నడిచినట్టున్నాను, కాళ్లు పీకాయి. అంతే."

ఎక్కడి నుంచి నడిచారని నేను అడగలేదు. దయ్యాలున్నాయని ఈరోజుకీ అనను. కాకపోతే ఆ మధ్యాహ్నం నా పక్కన కూర్చున్నదెవరో, ఎదురుగా వచ్చి నిలబడ్డదెవరో, నన్ను సంతకం పెట్టి చెప్పమంటే చెప్పలేను. మా ఆయన మాత్రం పక్కగదిలో ఏదో వెతుక్కుంటూ, దొరక్క, నన్ను కేకేస్తున్నారు. వెళ్లాలి.